గోమాకి బయల్దేరుతున్న అమ్మలుకి

అమ్మలూ,

కాంగోలోని గోమాకి నర్సుగా పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. ఆమెని విసుక్కోకు. కోనసీమ దాటితేనే బెంగపడే మనిషి, కూతురు యుద్ధం జరిగే చోటికి వెళ్తోందంటే టెన్షన్ ఉండదా? నేను మిలటరీ నర్సింగ్‌లోనే రిటైరయ్యాను కాబట్టి నాలుగు మాటలు చెప్తాను.

గాయపడినవాణ్ణి దించగానే అందరి చూపూ రక్తం మీదే ఉంటుంది, నువ్వు మాత్రం గడియారం కూడా చూడు. టోర్నికే, అదే రక్తం ఆగడానికి బిగించే పట్టీ, ఎన్నింటికి కట్టారో, నొప్పి తగ్గించే మార్ఫిన్ ఎంత ఇచ్చారో, ఎప్పుడిచ్చారో అప్పటికప్పుడు రాసెయ్, కాగితం లేకపోతే నుదుటి మీదే రాయి. టోర్నికే రెండు గంటలు దాటేకొద్దీ ఆ కాలికి ముప్పు పెరుగుతుంది. మార్ఫిన్ సంగతి ఇంకా జాగ్రత్త. రక్తం పోయి షాక్‌లో ఒళ్ళు చల్లబడినవాడికి కండలోకి ఇచ్చిన ఇంజెక్షన్ సరిగా ఎక్కదు, నొప్పి తగ్గలేదు కదా అని ఇంకోటి ఇస్తే, రక్తం ఎక్కించి ఒళ్ళు వెచ్చబడ్డాక రెండూ కలిసి పనిచేసి ఊపిరి ఆగిపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో డాక్టర్లు ఇది కళ్ళారా చూశారు. అందుకే కాగితం మీదో నుదుటి మీదో రాసింది చదవకుండా సిరంజి పట్టుకోకు, ఎంత పెద్ద ఆఫీసర్ తొందరపెట్టినా సరే.

రక్తం పోయినవాడికి ఎండలో కూడా దుప్పటి కప్పాలి, చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. అతను ఏ పక్షమో అడగొద్దు, 1949 జెనీవా ఒప్పందాలు చెప్పేదీ అదే. అక్కడివాళ్ళు స్వాహిలీ మాట్లాడతారు, నొప్పి ఎక్కడ, నీళ్ళు కావాలా అని అడిగేంతైనా నేర్చుకునే వెళ్ళు.

దోమలు మనకి కొత్తా అనుకోకు. అక్కడి మలేరియా మనిషిని రోజుల్లో తీసుకుపోతుంది. మలేరియా రాకుండా డాక్సీ (డాక్సీసైక్లిన్) మాత్ర ఇస్తే అన్నం తిన్నాక నీళ్ళు బాగా తాగి వేసుకో, వెంటనే పడుకోకు, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు మానొద్దు. యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే పడాలి. గోమా భూమధ్యరేఖ దగ్గరే అయినా ఎత్తు మీద ఉంది, రాత్రుళ్ళు చలి, స్వెటర్ పెట్టుకో.

డ్యూటీ దిగాక నిద్రపో. కబుర్లు, ఫోన్లు తర్వాత. అమ్మకి మాత్రం రోజూ ఫోన్ చేస్తానని మాటివ్వకు, సిగ్నల్ పోయిన రోజు ఆమె తిండి మానేస్తుంది. కుదిరినప్పుడు చేస్తానను. మధ్యలో నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ