యోనా కూర్చున్న చోట కూర్చోకు

"వందనాలు అక్కా. మొన్న ఫ్రెండ్స్‌తో కలిసి లండన్ చూసొచ్చాను. చర్చిలోకి పోవడానికి టికెట్ అట! ఇంకో చర్చిని పబ్ చేసేశారు. అద్దాల మేడల కిందే మనుషులు పడుకుని ఉన్నారు, ఆగి చూసేవాళ్లు లేరు. దైవభయం లేని ఊరక్కా అది. మనసంతా పాడైంది. మళ్లీ వెళ్లాలా?"

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చిన మన విశ్వాసుల పిల్లలు, కాస్త అటూ ఇటుగా, నన్ను అడిగే ప్రశ్న ఇదే. వెళ్లు తమ్ముడూ, తప్పకుండా వెళ్లు. కాకపోతే ఈసారి ఫోటోల గుంపుతో కాకుండా ఒక్కడివే వెళ్లు.

ముందు యోనా 4వ అధ్యాయం ఒకసారి తీసి చదువు. యోనా బోధ విని నీనెవె పట్టణం మొత్తం మారుమనస్సు పొందింది. దేవుడు దాన్ని నాశనం చేయలేదన్న కోపంతో యోనా ఊరి బయట తూర్పువైపు పందిరి వేసుకుని, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చేంత కోపం వచ్చింది. లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఊరిమీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది. యోనా ఏం జవాబు చెప్పాడో రాయలేదు. ఇక్కడ మనలో చాలామందిమి ఆ పందిరి కిందే కాపురం పెట్టేశాం. వారమంతా ఈ ఊరి జీతం తిని, ఆదివారం ప్రార్థన కూటంలో "ఈ పాపపు నగరంలో" అని సాక్ష్యం మొదలుపెడతాం!

టికెట్ సంగతి చెబుతాను. సెయింట్ పాల్స్ అయినా, వెస్ట్‌మినిస్టర్ అబ్బే అయినా డబ్బు తీసుకునేది చూసిపోయేవాళ్ల దగ్గరే. ఆరాధనకు వచ్చేవాళ్ల దగ్గర ఒక్క పెన్నీ తీసుకోరు. ఆదివారాలు ఆ రెండూ ఆరాధనకే తెరిచి ఉంటాయి. మామూలు రోజుల్లో సాయంత్రం ఐదుకి ఎక్కువగా ఈవెన్‌సాంగ్, అంటే పాటలతో చేసే సాయంకాల ఆరాధన, ఉంటుంది. వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో టైమ్ చూసుకో. బ్యాగు చెక్ చేస్తారు కాబట్టి చిన్నదే పట్టుకెళ్లు. గుమ్మం దగ్గర "ఆరాధనకు వచ్చాను" అంటే చాలు.

ముక్కాలు గంటలో అయిపోతుంది. కీర్తనలు చదవరు, పాడతారు. పాత నిబంధన నుంచి ఒక భాగం, కొత్త నిబంధన నుంచి ఒక భాగం చదువుతారు. లూకాలోని మరియ పాట, సుమెయోను పాట తప్పకుండా ఉంటాయి. ప్రసంగం సాధారణంగా ఉండదు. పక్కవాళ్లు లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చో. డ్రమ్స్ లేవు, ఎవరూ గట్టిగా ఆమేన్ అనరు కాబట్టి ఇక్కడ ఆత్మ లేడని తేల్చెయ్యకు. మొదటి పది నిమిషాలు బోర్ కొడుతుంది, నిజమే చెబుతున్నాను. ఆ తర్వాత గాయకబృందం గొంతులు సెయింట్ పాల్స్ గోపురంలోకి ఎక్కి తిరిగి నీ మీదికి దిగుతుంటే, "బలవంతులను సింహాసనముల నుండి పడద్రోసి" అన్న మరియ మాట వినపడుతుంది. చుట్టూ ఉన్నవి సేనాధిపతుల స్మారకాలు. వాళ్ల నడుమ ఆ మాట వినడం వేరు.

దైవభయం లేదన్నావు. ఒకప్పుడు ఉండేదని, ఇప్పుడు పోయిందని మనం అనుకుంటాం. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ నాటి లండన్, జిన్ అనే చౌక సారా తాగి తూలే లండన్. దాన్ని ఆపడానికి పార్లమెంటు 1736లో ఒకసారి, 1751లో మరోసారి చట్టాలు చేయాల్సి వచ్చింది. ఉరితీతలకు జనం తిరునాళ్లకు వెళ్లినట్టు వెళ్లేవాళ్లు. ఆ ఊళ్లోనే, ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన ఒక చిన్న కూటంలో, 1738 మే 24 సాయంత్రం వెస్లీకి తన రక్షణ నిశ్చయం దొరికింది. తర్వాత చాలా చర్చిలు ఆయనకు పల్పిట్ ఇవ్వలేదు. ఆయన మూర్‌ఫీల్డ్స్‌లో ఆరుబయట నిలబడి బోధించాడు. అదే ఆల్డర్స్‌గేట్ వీధిలో, ఒక సత్రంలో, 1799లో చర్చ్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1843లో మచిలీపట్నంలో బడి పెట్టిన రాబర్ట్ నోబుల్‌ను పంపింది ఆ సొసైటీయే. అంటే మన సంగతులు కొన్ని ఈ పాపపు నగరం నుంచే బయలుదేరాయి తమ్ముడూ.

కాబట్టి ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి సిటీ రోడ్ వెంట నడువు. వెస్లీ 1778లో తెరిచిన చాపెల్ ఉంటుంది. పక్కనే ఆయన ఇల్లు. పడకగదికి ఆనుకుని ఆయన ప్రార్థన గది ఉంది, నలుగురు నిలబడితే నిండిపోతుంది. రోడ్డుకు అవతల బన్‌హిల్ ఫీల్డ్స్ శ్మశానం. ఇంగ్లండ్ అధికారిక సంఘమైన ఆంగ్లికన్ సంఘంలో ఇమడనివాళ్లను ఎందరినో అక్కడే పాతిపెట్టారు. కీర్తనలు రాసిన ఐజక్ వాట్స్ అక్కడే, వెస్లీ తల్లి సుసన్నా అక్కడే. "యాత్రికుని ప్రయాణం" రాసిన జాన్ బన్యన్ సమాధి దగ్గర తొందరపడకు. పైన రాతిలో ఆయన పడుకుని ఉంటాడు. రెండు పక్కలకూ తిరిగి చూడు. ఒక పక్క వీపున మూట మోస్తూ వంగిపోయిన యాత్రికుడు, రెండో పక్క సిలువ దగ్గర ఆ మూట జారిపోయిన యాత్రికుడు. మధ్యాహ్నం ఆఫీసులవాళ్లు ఆ బెంచీల మీదే కూర్చుని లంచ్ తింటుంటారు. వాళ్ల మూటలేమిటో మనకు తెలియదు.

అక్కణ్ణుంచి బ్యాంక్ స్టేషన్ దాకా నడిచి వెళ్లవచ్చు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఎదురుగా, 1844లో తెరిచిన రాయల్ ఎక్స్చేంజ్ భవనం నెత్తిన ఏం రాశారో తలెత్తి చూడు. 24వ కీర్తన మొదటి మాట, భూమి యెహోవాదని. లోపల ఇప్పుడు ఖరీదైన షాపులు. నవ్వు వస్తుంది, నిజమే. ఆ రాత ఇంకా అక్కడే ఉందన్నది కూడా నిజమే.

ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైల్లో, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని బాధపడకు. నేను మాత్రం స్టేషన్ పేరు వినపడగానే ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ల కోసం మనసులో ఒక మాట ప్రార్థిస్తాను. బబులోనులో చెరలో ఉన్నవాళ్లకే ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమని యిర్మీయా ఉత్తరం రాశాడు. 29వ అధ్యాయంలో ఉంది. మనం వీసా ఫీజు కట్టి మరీ వచ్చినవాళ్లం.

రోడ్డు పక్కన పడుకున్న మనిషిని చూస్తే ఇంగ్లండ్‌లో స్ట్రీట్‌లింక్ అనే సర్వీస్ ఉంది. ఎక్కడ చూశావో ఆన్‌లైన్‌లో చెబితే స్థానిక బృందాలకు కబురు అందుతుంది. ఆయన మెలకువగా ఉంటే పలకరించు. జేబులో చిల్లర లేకపోతే దాటిపోనక్కర్లేదు.

ఇక పబ్ అయిపోయిన చర్చి. దాని బోర్డు చూసి ఏడ్చినవాళ్లు, ఆదివారం పొద్దున స్కూల్ హాళ్లు అద్దెకు తీసుకుని ఆరాధించే ఆఫ్రికా సంఘాలను, బ్రెజిల్ సంఘాలను, మన తెలుగు సంఘాలను లెక్కలోకి తీసుకోరు. నువ్వు ఉండేచోట తెలుగు సహవాసం ఉంటే మానకు. నెలకు ఒక ఆదివారం మాత్రం మీ వీధిలో పదిమందే మిగిలిన ఆ ముసలి చర్చికి కూడా వెళ్లు. ఆరాధన తర్వాత టీ ఇస్తారు. కుర్చీలు సర్దడానికి మనుషులు ఎప్పుడూ తక్కువే, అడిగితే వెంటనే పని ఇస్తారు.