డీఎన్ఏ పాఠం దగ్గర ఆగిన అమ్మాయికి జీవశాస్త్రం సరిపడదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. మిగతా పాఠాలు బాగానే చదువుతుంది గానీ డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్ల తయారీ పాఠంలో మాత్రం ప్రతి వారాంతపు పరీక్షలోనూ మార్కులు పోగొట్టుకుంటోంది. పైగా "అన్ని కణాల్లో ఒకే డీఎన్ఏ ఉంటే కంటి కణం ఇన్సులిన్ ఎందుకు తయారు చేయదు?" అంటూ సిలబస్‌తో సంబంధం లేని ప్రశ్నలతో సమయం వృథా చేస్తోంది. నీట్‌లో సీటు వచ్చేలా లేదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వారు బీటెక్ జెనెటిక్ ఇంజినీరింగ్ సీటు ఇప్పుడే ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఇస్తామంటున్నారు. ఆ పాఠమే రాని పిల్లను అందులో చేర్చవచ్చా, లేక బీఎస్సీయే మేలా? (ఒక తండ్రి, ఖమ్మం జిల్లా)

నమస్కారం. మీరు అడిగింది రెండు కోర్సుల్లో ఏది మేలని. మీ మనసులోని భయం మాత్రం మీ అమ్మాయికి జీవశాస్త్రం వంటబట్టదేమోనని. బైపీసీ పిల్లల తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ భయం చుట్టూనే తిరుగుతాయి కాబట్టి, కోర్సుల పోలిక తర్వాత చూద్దాం. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న ఆ పాఠం లోపలికి వెళ్లిన పిల్లలకే పుడుతుంది. సిలబస్‌తో సంబంధం లేదన్నది కూడా నిజం కాదు. నీట్ సిలబస్‌లోని లాక్ ఓపెరాన్ (అవసరాన్ని బట్టి జన్యువులను పని చేయించే, ఆపే ఏర్పాటు) భాగం సరిగ్గా ఆ ప్రశ్నకు బాక్టీరియాలో దొరికిన జవాబే. దాన్ని కనుగొన్న ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు జాకబ్, మోనో 1965లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆమె ఎక్కడ ఆగిందో మీకు తెలియాలి కాబట్టి కణంలో జరిగేది క్లుప్తంగా చెబుతాను. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో మూల రికార్డు అక్కడే ఉండి మనకు కావలసిన దస్తావేజు నకలు మాత్రమే చేతికి వచ్చినట్టు, కేంద్రకంలోని డీఎన్ఏ కదలకుండా అక్కడే ఉంటుంది, అవసరమైన జన్యువు వరకే ఆర్ఎన్ఏ రూపంలో నకలు తయారై బయటికి వస్తుంది. డీఎన్ఏ రాతంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలతోనే; ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము డీఎన్ఏలోని ఒక పోగును చదువుతూ, దానికి జతపడే అక్షరాలను పేర్చుకుంటూ, టీ రావలసిన చోట యూ అనే అక్షరాన్ని పెడుతూ ఈ నకలు (ఎంఆర్ఎన్ఏ) తీస్తుంది. కణంలో ప్రోటీన్లు తయారు చేసే రైబోజోము ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది, కోడాన్ అనే ఒక్కో మూడక్షరాల మాటకు తగిన అమైనో ఆమ్లాన్ని టీఆర్ఎన్ఏ తెచ్చి అందిస్తుంది. మొత్తం 64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన 3 గొలుసు ముగిసిందని చెబుతాయి. ఇన్సులిన్ విషయానికి వస్తే, దాని జన్యువు కంటి కణంలో కూడా 11వ క్రోమోజోము మీద చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే ఆ జన్యువు దగ్గర నకలు తీయడం మొదలుపెట్టించే నియంత్రక ప్రోటీన్లు క్లోమంలోని బీటా కణాల్లో ఉన్నట్టుగా అక్కడ ఉండవు, ఆ భాగంలో డీఎన్ఏ కూడా హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ బిగుసుకుని ఉంటుంది. నకలు లేదు కాబట్టి ఇన్సులిన్ కూడా లేదు. దయచేసి ఈ జవాబు ఆమెకు చూపించండి.

మరి మార్కులు ఎందుకు పోతున్నాయి? చాలామంది పిల్లలు తడబడే చోటే ఆమె కూడా తడబడుతోందని నా అనుమానం. నకలుకు ఆధారమైన డీఎన్ఏ పోగు మీద టీఏసీ అని ఉంటే, ఎంఆర్ఎన్ఏ మీద ఏయూజీ వస్తుంది, దానికి జతపడే టీఆర్ఎన్ఏ మీద మళ్లీ యూఏసీ ఉంటుంది. మొదటిదీ చివరిదీ ఒకేలా కనబడతాయి, ప్రశ్నలో ఏ పోగు ఇచ్చారో, ఏ కొస నుంచి చదవాలో చూడకుండా నిమిషంలోపు ఆప్షన్ గుర్తించమంటే తప్పు పడడం సహజం. ఒక తెల్లకాగితం మీద పన్నెండు అక్షరాల డీఎన్ఏ ముక్క రాసి ఇచ్చి, అమైనో ఆమ్లాల దాకా ఆమెనే స్వయంగా రాసుకుంటూ వెళ్లమనండి. తర్వాత మధ్యలో ఒక అక్షరం కొట్టేసి ఏమవుతుందో అడగండి. అక్కడి నుంచి కోడాన్లన్నీ మారిపోతాయని ఆమె తనంతట తాను పట్టుకుంటే, ఆ పాఠం గురించి మీరు ఇక దిగులు పడనక్కరలేదు.

ఇప్పుడు ఒక మాట కటువుగానే చెప్పాలి. మీ ఉత్తరంలో నీట్ సీటు ఉంది, ఫీజు రాయితీ ఉంది, ఆమె ఏం చదవాలనుకుంటోందో మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆమె అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్నను మీరు తప్పుల జాబితాలో చేర్చారు. పిల్ల ప్రశ్నలు అడగడం మానేసి నోరు మూసుకుని బట్టీ పట్టడం మొదలుపెడితే రెండు మార్కులు పెరగవచ్చు. ఆ తర్వాత ఏ కోర్సులో చేర్చినా ఆమెకు చదువు మీద ఆసక్తి మిగలదు. దయచేసి ఆమె ప్రశ్నలను సమయం వృథా అనడం ఈ రోజుతో ఆపండి.

జెనెటిక్ ఇంజినీరింగ్ పేరుతో నడుస్తున్న బీటెక్‌ల మీద నాకున్న సందేహాలు దాచుకోను. ఈ విద్య గొప్పదనంలో సందేహం లేదు: హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా, వైరస్ పై పొరలోని ప్రోటీన్ జన్యువును ఈస్ట్ కణంలో పెట్టి తయారు చేయించినదే, అంటే మీ అమ్మాయి తప్పులు రాస్తున్న పాఠమే అక్కడ కర్మాగారమైంది. సందేహమంతా ఆ విద్యను నాలుగేళ్లలో చేతికిస్తామనే ప్రచారం మీదే. హైదరాబాద్ దగ్గరి బయోటెక్ పరిశ్రమల ప్రాంతం జీనోమ్ వ్యాలీ ఫొటో వేసి కరపత్రాలు పంచే కళాశాలల్లో, విద్యార్థి స్వయంగా ఒక జన్యువును క్లోన్ చేసి, ప్రోటీన్‌ను వేరుచేసి చూసే అవకాశం ఎందరికి దొరుకుతోందో అడిగితే సూటిగా చెప్పినవారు నాకు అరుదు. పరిశోధనలో నిలబడాలంటే ఎమ్మెస్సీ, ఆపైన పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు, అక్కడ బీటెక్ అన్న పేరుకు ప్రత్యేకమైన విలువేమీ ఉండదు. టీకాలు, మందుల కర్మాగారాల్లో నాణ్యతా విభాగాల ఉద్యోగాలకు ఫార్మసీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవారు కూడా పోటీ పడతారు. నాలుగేళ్లు ఈ కోర్సు చదివి చివరికి సాఫ్ట్‌వేర్ శిక్షణలో చేరిన పిల్లలను నేను తరచుగా చూస్తున్నాను. వారి తెలివిలో లోపమేమీ లేదు, ముందు చెప్పవలసిన మాట వారికి ఎవరూ చెప్పలేదు.

మీరు కోరిన పోలిక విషయానికొస్తే, మంచి ప్రయోగశాల, చదివించే అధ్యాపకులు ఉన్న చోట బీఎస్సీ చేసి, ఆపైన ఉస్మానియా జెనెటిక్స్ విభాగం వంటి చోట ఎమ్మెస్సీకి ప్రయత్నించడం మీ అమ్మాయి వంటి పిల్లకు తక్కువ ఖర్చుతో ఎక్కువ దారులు తెరుస్తుంది. తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) కూడా ఆలోచించదగినదే. ఆ ప్రవేశ పరీక్షలో గణితం కూడా ఉంటుందని బైపీసీ పిల్లలు మరచిపోకూడదు.

పదిహేడేళ్లకే దారి మూసుకుపోతుందన్న భయం అవసరం లేదు. రైబోజోము నిర్మాణాన్ని తేల్చి 2009లో నోబెల్ పంచుకున్న వెంకీ రామకృష్ణన్ బరోడాలో చదివింది భౌతికశాస్త్రం, పీహెచ్‌డీ కూడా అందులోనే చేసి ఆ తర్వాతే జీవశాస్త్రంలోకి వచ్చారు. ఇక ఈ చదువు అక్కర ఎంతో మీ పొరుగునే ఉంది. భద్రాచలం ఏజెన్సీలోని గిరిజన కుటుంబాలను బాధించే సికిల్ సెల్ వ్యాధికి మూలం, హిమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువులో జీఏజీ ఉండవలసిన చోట జీటీజీ ఉండడమే. ఆ ఒక్క అక్షరంతో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ చేరి, ఆక్సిజన్ తగ్గినప్పుడు హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని ఎర్రరక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. ఆ కుటుంబాలకు పరీక్షలు చేసి, పెళ్లికి ముందే విషయం అర్థమయ్యేలా చెప్పగలిగినవారు మనకు చాలా అవసరం.

అందుకే రాయితీ గడువు చూసి డబ్బు కట్టకండి. ముందు అమ్మాయినే వెంటబెట్టుకుని ఆ యూనివర్సిటీకి వెళ్లండి. డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ యంత్రాన్ని విద్యార్థులు స్వయంగా వాడతారా, బైపీసీ పిల్లలకు గణితం బ్రిడ్జి కోర్సు ఎవరు చెబుతారు, నిరుడు పట్టా తీసుకున్న పిల్లల్లో ఎవరెవరు ఎక్కడ పని చేస్తున్నారు అని ఆమెతోనే అడిగించండి. వారు చెప్పిన జవాబులతో పాటు, ఆమెకు ఏది ఇష్టమో ఆమె మాటల్లోనే రాసి పంపితే, కోర్సు గురించి నా అభిప్రాయం వివరంగా చెబుతాను.