మార్కర్ పరీక్షతో ఎంచిన జామాయిల్ క్లోన్ జన్యుమార్పిడి మొక్కేనా?

కాదు, మార్కర్ పరీక్ష మొక్కలోకి కొత్త జన్యువేదీ ఎక్కించదు, ఉన్నదాన్ని చదివి చెబుతుంది.

డీఎన్‌ఏలో మొక్కకూ మొక్కకూ తేడా కనిపించే చోట్లు చాలా ఉంటాయి. అలాంటి చోటు ఒకటి తెగులును తట్టుకునే జన్యువుకు బాగా దగ్గరగా ఉంటే, ఆ రెండూ దాదాపు ఎప్పుడూ కలిసే పిల్లమొక్కలకు వెళ్తాయి. ఆ చోటే మార్కర్. చిన్న ఆకుముక్క చాలు, నారు దశలోనే ఏది తట్టుకుంటుందో అంచనా దొరుకుతుంది. వరిలోనైతే ఒక్క పంటకాలంలో పొలమే చెప్పేస్తుంది. ప్రకాశం, నెల్లూరు మెట్టల్లో కోతకు ఏళ్లు పట్టే జామాయిల్‌కు మాత్రం ఈ ముందుచూపు విలువైనదే.

బ్రెజిల్‌లో ఈ చెట్లకు తుప్పు తెగులు పెద్ద బెడద. యూకలిప్టస్ గ్రాండిస్ అనే జామాయిల్ జాతిలో దాన్ని తట్టుకునే ప్రధాన జన్యుస్థానాన్ని గుర్తించి పీపీఆర్1 అని పేరు పెట్టారు. అది మూడో క్రోమోజోముపై ఉంది. దాని పక్కనున్న మార్కర్లతో మొక్కల్ని వడపోయవచ్చు.

మార్కర్ ఉంటే ఇక ఏ పురుగూ పట్టదనుకోవడం చాలామంది పొరపాటు. తుప్పుకు పనికొచ్చే మార్కర్, ఆకు ఈనెలమీదా తొడిమలమీదా బుడిపెలు తెచ్చే గాల్ కందిరీగ గురించి ఏమీ చెప్పదు. పైగా చాలా జన్యువులు తలా కాస్త పంచుకునే నిరోధకతను ఒక్క మార్కర్ పట్టుకోలేదు. ఇక క్లోన్ అన్న పేరు చూసి కంగారు అక్కర్లేదు: కొమ్మ ముక్కకు వేళ్లు పుట్టించి పెంచిన మొక్క అది, తల్లిచెట్టులో లేని గుణం దానికి కొత్తగా రాదు.