కన్ను ఎక్కడ నిలబడింది?

తమ్ముడూ,

నీ కవరు వచ్చి పదిహేను రోజులైంది. ఎనిమిది పేజీల కబడ్డీ బొమ్మలకథ రెండుసార్లు చూసి, కోపమొచ్చి పక్కన పెట్టేశాను. మూడోసారి తీసినప్పుడు ఆరో పేజీ వెనక పెన్సిల్‌తో గీసిన చిన్న బొమ్మ కనపడింది. నులక మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు, పాదాల వైపు నుంచి చూసినట్టు. మీ తాతేనా? అది లేకపోతే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు.

ముందు కోపం సంగతి. మూడో పేజీలో కూతకు వచ్చినవాడు చెయ్యి మన మీదికి చాపుతాడు. పిడికిలి గుమ్మడికాయంత వేశావు, సరే. కానీ ముంజేయి, మోచేయి, భుజం మాత్రం పక్కనుంచి చూసినట్టు పొడుగ్గా అట్లాగే ఉన్నాయి. కర్ర చివర బంతి గుచ్చినట్టుంది. దాని చుట్టూ వేగం గీతలు! ఈ మధ్య అందరిదీ ఇదే పద్ధతి. బొమ్మలో కదలిక రాకపోతే చుట్టూ గీతలు, అవీ చాలకపోతే కండలు. చూసే కన్ను ఎక్కడ నిలబడిందో తేల్చకుండా గీసిన కండ ఒక్కటి కూడా నిలవదు. నేను ఎవరికైనా ముందు చెప్పేది ఇదే, ఎన్నిసార్లయినా చెబుతాను.

లెక్క వేసి చూడు. చెయ్యి 60 సెంటీమీటర్లు అనుకుందాం, సూటిగా నీవైపు చాపాడు. అతని భుజం నీకు 6 మీటర్ల దూరంలో ఉంటే, భుజం దగ్గర పెట్టుకున్న రెండో పిడికిలి కంటే ఈ పిడికిలి కొంచెమే పెద్దగా కనపడుతుంది. 2 మీటర్లలో ఉంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. 90 సెంటీమీటర్లలో ఉంటే మూడు రెట్లు. అంటే పిడికిలి ఎంత ఉండాలన్నది నీ ఇష్టం కాదు, నువ్వు ఎంత దగ్గరగా నిలబడ్డావన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫోన్‌ను మొహం దగ్గర పెట్టి తీసిన ఫొటో మీద కాగితం వేసి గీసినా ఇందుకే తేడా కొడుతుంది. చెయ్యి 90 సెంటీమీటర్ల నుంచి చూసిందవుతుంది, వెనకాల విడిగా వేసిన కోర్టు, జనం మాత్రం గ్యాలరీలోంచి చూసినట్టుంటారు. ఒకే పేజీలో రెండు కళ్లు రెండు చోట్ల.

ఇంక మనవైపు చాపిన చెయ్యి పొట్టిగా కనపడేది ఎట్లా అంటావా, అమ్మ గాజులు అడిగి తీసుకో. మణికట్టు నుంచి మోచేయి దాకా వేసుకుని అద్దం ముందు నిలబడు. చెయ్యి పక్కకు చాపితే గాజులు నిలువు గీతల్లా దూరదూరంగా కనపడతాయి. మెల్లగా అద్దం వైపు తిప్పు. గీతలు కోడిగుడ్డు ఆకారమై, తర్వాత గుండ్రమై, దగ్గరికి జరిగి, ముందరి గాజు వెనకదాన్ని మూసేస్తుంది. ఆ మూసెయ్యడమే ముఖ్యం. పిడికిలి ముంజేయిని మూస్తుంది, ముంజేయి మోచేతిని మూస్తుంది. మూసిందాన్ని మళ్లీ చూపించాలని తాపత్రయపడ్డావు కాబట్టే నీ చెయ్యి కర్ర అయింది.

నాతో కూడా ఇట్లాగే కర్ర గీయించారు. కొత్తలో ఒక వారపత్రికకు సీరియల్ బొమ్మ వేశాను, కత్తి దూసి మీదికి వచ్చే మనిషి. హనుమకొండ స్టేడియంలో స్నేహితుడిని గంటసేపు చెయ్యి చాపి నిలబెట్టి, నేల మీద కూర్చుని గీసింది. ఎడిటర్ చూసి "చెయ్యి పొట్టిగా ఉంది, అవిటివాడనుకుంటారు, సాగదియ్యి" అన్నాడు. కిరాయి కట్టాలి, వాదించలేదు, సాగదీశాను. అచ్చయిన ఆ పేజీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. నీకు కూడా ఎవరో ఒకరు అదే మాట అంటారు. సాగదీయకు.

కింది నుంచి చూస్తే మొహం ఏమవుతుందో తెలియాలంటే పాలంపేట వెళ్లు. రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, కాబట్టి పొద్దున్నే వెళ్లు. చూరు కింద మదనికలు, అంటే ఆడవాళ్ల రాతి బొమ్మలు, ముందుకు వాలి ఉంటాయి. సరిగ్గా వాటి కింద నిలబడి పైకి చూస్తే గడ్డం అడుగుభాగం కనపడుతుంది, ముక్కు కళ్ల మీదికి వస్తుంది, నుదురు దాదాపు ఉండదు. పది అడుగులు వెనక్కి జరుగు, మొహం మళ్లీ తెరుచుకుంటుంది. రెండు చోట్ల నుంచీ గీసి తెచ్చుకో.

ఇటలీలో మాంటెన్యా అని 15వ శతాబ్దపు చిత్రకారుడు క్రీస్తు దేహాన్ని పాదాల వైపు నుంచి వేశాడు. అంత దగ్గర నుంచి చూస్తే పాదాలు ఎంత పెద్దగా ఉండాలో అంత వెయ్యలేదు, తగ్గించాడు. లేకపోతే వెనకాల దేహం చాలావరకు మూసుకుపోయేది. నువ్వు తగ్గించలేదు. తాత పగిలిన మడమలే సగం కాగితం, మోకాళ్ల వెనక ఛాతీ ఒక గీత, ఆ పైన గడ్డం కొంచెం. మంచం కాళ్ల దగ్గర కింద కూర్చుని గీశావని చూడగానే తెలిసింది. నాకు కాసేపు మాట రాలేదు.

ట్యాబ్ ఏది కొనాలి అన్నదానికి తర్వాత ఎప్పుడైనా రాస్తాను. మిగతా ఏడు పేజీలు అట్లాగే ఉండనివ్వు, మూడో పేజీ ఒక్కటే మళ్లీ గీసి పంపు. కాగితం మూలన ముందు కంటి మట్టం ఎంత ఎత్తులో ఉందో, భుజం ఎన్ని మీటర్ల దూరంలో ఉందో రాసి, ఆ తర్వాతే గీత మొదలుపెట్టు. తాత బొమ్మ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. ఇంట్లో అడిగితే చెప్పు, పోస్టులో పంపిస్తాను.

నీ అన్న,
హనుమకొండ