‘తెలియజేయడమైనది’ అని రాయకు బిడ్డా

చిరంజీవి బిడ్డకు పెదనాయన దీవించి రాసేది.

నీకు నీళ్ల డిపార్ట్‌మెంట్ల ఏఈఈ ఉద్యోగం వచ్చిందని, కృష్ణ మీద జూరాల ప్రాజెక్టుల డ్యూటీ పడిందని మీ నాయన ఫోన్ చేసి చెప్పిండు. మీ పెద్దమ్మకు చెప్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంది. నేను ముప్పై రెండేండ్లు నీళ్ల డిపార్ట్‌మెంట్ల చేసి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గనే దిగిపోయిన. నువ్వు ఇంజనీరువై ఎక్కుతున్నవు. ఆ రాత్రి నిద్ర పట్టలే. సంబురం కొంత, భయం కొంత.

తెలిసిన సంగతులు ముందు చెప్పి పక్కన పెడుత. మృగశిర కార్తెకు ముందే ప్రతి గేటు లేపి దించి చూడాలె. వైర్ రోపులకు గ్రీజు, జనరేటర్ల డీజిలు నువ్వే చూసుకో, ‘ఉంది మేడం’ అంటే నమ్మకు. లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే బండి దింపకు. నీ పై సారు రమ్మన్నా దింపకు. ఈ ఒక్క మాట వినకపోతే నేనే వచ్చి బండి తాళం గుంజుకుంట.

జూరాల ఎట్లాంటిదో నీకు లెక్క తెలుసు గని, మనసుకు ఎక్కాలె. 1908ల మూసీ పొంగి పట్నాన్ని ముంచినంక, విశ్వేశ్వరయ్య సలహా మీద గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. అవి వరదను పట్టి ఆపెటందుకు కట్టినయి. జూరాల అట్ల కాదు. నిండితే 9.66 టీఎంసీ. లక్ష క్యూసెక్కులు ఒక్క రోజు పారితే 8.64 టీఎంసీ. పది లక్షలు వస్తే ఖాళీ జూరాల కూడా మూడు గంటలల్ల నిండుతది. పైనుంచి వచ్చిందాన్ని కిందికి వదలాల్సిందే. ఆపుడు నీ చేతుల లేదు, చెప్పుడు ఉంది.

అందుకే ఈ లేఖ. నీకు ఇంతవరకు చెప్పని ముచ్చట ఒకటి ఉంది.

నౌకరిల చేరి మూడో ఏడు. మన నల్లగొండ జిల్లలనే ఒక మధ్యతరహా ప్రాజెక్టు, పేరు రాయను. పైన ఎక్కడనో కుండపోత. మా దగ్గర చినుకు లేదు, ఆకాశంల చుక్కలు కనబడుతున్నయి. రాత్రి రెండు గంటలకు టార్చి వేసి స్కేలు చూస్తే నీళ్లు ఎక్కుతనే ఉన్నయి. మా సారు నల్లగొండల ఉండె. ఫోన్ చేస్తే, ‘రెండు గేట్లు లేపు, కిందికి చెప్పు’ అన్నడు. తాలూకా ఆఫీసుకు ఫోన్ కొట్టిన. ఎవరో ఎత్తిండు, సరే అన్నడు. రిజిస్టర్ తీసి టైము వేసి ‘దిగువ గ్రామాలకు తెలియజేయడమైనది’ అని రాసిన. మంచి దస్తూరి నాది. ఎనుకటి ఇన్‌స్పెక్టర్లు కూడా అదే మాట రాసిన్రు, నేను చూసి రాసిన. తెల్లారకముందే గేట్లు లేపినం.

వాగుల నీళ్లు లేక అప్పటికి చానా దినాలు. ఎండిన ఇసుకల చెలిమె తోడుకొని, గొర్లను పండబెట్టుకొని ఇద్దరు అన్నదమ్ములు నిద్రపోతున్నరు. చిన్నోనికి పన్నెండేండ్లు ఉంటయేమో. వానే లేదు, వాగు వస్తదని ఎవరు అనుకుంటరు? నీళ్ల చప్పుడుకు లేచెటాళ్లకు మందల సగం పోయింది. పెద్దోడు తమ్మున్ని భుజం మీద ఎక్కించుకొని తుమ్మ చెట్టు పట్టుకున్నడు. పగటిదాక ఆ ముండ్ల చెట్టు మీదనే. తాళ్లు వేసి గుంజెటప్పుడు నేను అక్కడనే ఉన్న. పిలగాని అరచేతులు చూసిన బిడ్డా, ఇప్పటికీ కండ్లల్లనే ఉన్నయి.

నా కబురు ఏమైందంటవా? ఫోన్ ఎత్తిన మనిషి చీటీ రాసి కావలికారుకు ఇచ్చిండట. తెల్లారినంక పోదామని ఆయన పండుకున్నడట. ఎవలి పని వాళ్లు చేసినట్టే ఉంది.

రెండో రోజు ఆ పిలగాండ్ల తల్లి క్వార్టర్ దగ్గరికి వచ్చింది. తిట్టలే. ‘సారూ, కట్ట మీద నిలబడి ఒక్క కేక వేస్తే ఏమయితుండె?’ అన్నది. కట్ట మీదికెళ్లి చూస్తే ఆ గొర్ల మంద జాగ కనబడుతది. గేటు లేపేముందు నేను అటు దిక్కు మొఖం తిప్పి చూడలే.

ఎంక్వైరీ అయింది. రిజిస్టర్ చూసిన్రు, నా తప్పు లేదన్నరు. ఆ కాయితం నన్ను కాపాడింది, గొర్లను కాపాడలే. అప్పటిసంది ఆ మాట నేను రాయలే. అండ్ల చెప్పింది ఎవరో లేదు, ఎవరికి చెప్పిన్రో లేదు, విన్నరో లేదో అసలే లేదు.

నువ్వు రాసేటప్పుడు మనిషి పేరు రాయి, టైము రాయి, ఆ మనిషి మర్లి ఏమన్నడో రాయి. సైరన్ మోగించినంక కొంచెం ఆగు, కిందికి చూడు, అప్పుడు బటన్ నొక్కు. గేట్ల కింద చేపల కోసం దిగేటోళ్లు ఉంటరు, సెల్ఫీలకు రాళ్ల మీదికి పోయేటోళ్లు ఉంటరు. గట్టిగ అరువు. ఆడపిల్ల అరుస్తుందని ఎవరన్నా అనుకుంటే అనుకోనీ.

పెద్ద ఆఫీసులు చానా ఉన్నయి. కేంద్ర జలసంఘం గేజీలు చెప్తది, కృష్ణా బోర్డు 2014 చట్టం కింద వచ్చింది, ఎగువన నారాయణపూర్ డ్యాంల కర్ణాటక ఇంజనీర్లు, ఇక్కడ కరెంటు తీసే జెన్‌కో, రెవెన్యూ, పోలీసు. అందరితోని మంచిగుండు. గని నారాయణపూర్ లెక్క ఒక్కటే పట్టుకొని కూసోకు, తంగిడి దగ్గర భీమా నది కలుస్తది, దాని నీళ్లు వేరే. 2009 అక్టోబర్ల చూసినం కదా, తుంగభద్ర ఒడ్డున రాజోలి మునిగింది, అలంపూర్ మునిగింది. శ్రీశైలంల 885 అడుగులు ఉండాల్సిన నీళ్లు 896 దాటినయి. ఆ వారం నేను ఇంటికి రాలే. నువ్వు చిన్నపిల్లవు, ‘పెదనాయన ఏడున్నడు’ అని రోజూ అడిగినవట.

చేరిన మొదటి వారంలనే గుర్రంగడ్డకు పో. నది నడుమ ఊరు అది. పుట్టిల, ఆ గుండ్రటి పడవల, కూసున్నంక కదలకు. నాటు పుట్టీలు నడిపేటోళ్ల నంబర్లు, కింది ఊర్లల్ల గొర్లు కాసేటోళ్ల నంబర్లు, సర్పంచువి కాదు, వాళ్లవి, ఒక నోట్‌బుక్‌ల రాసుకో. ఫోన్ లేనోళ్లకు పక్కింటోళ్లది రాసుకో.

దసరాకు సెలవు దొరకదు, నాకు ఎరుకే. మేమే వస్తం. మీ పెద్దమ్మ మలీద ముద్దలు కట్టుకొస్తది. వచ్చినప్పుడు ముందు ఆ నోట్‌బుక్ చూపియ్యి.

మీ పెదనాయన