ఇంప్లాంట్ పెట్టించుకున్నారా? పన్ను కోసం తొందరపడకండి

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. పైన కుడివైపు దవడ పన్ను తీసేసి ఏడాది దాటింది. పోయిన నెల అక్కడ ఇంప్లాంట్ పెట్టారు. బిగించేటప్పుడు డాక్టర్ గారు పక్కనున్న అమ్మాయితో "20 కి మించి రావట్లేదు" అనడం నా చెవిన పడింది. పన్ను ఎప్పుడు పెడతారని అడిగితే ఐదారు నెలలు ఆగమన్నారు. మా తోడల్లుడికి వేరే ఊళ్లో కింద ముందు పళ్లకి నాలుగు ఇంప్లాంట్లు పెట్టి మూడో రోజే పళ్లతో ఇంటికి పంపారు. ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు, సరైన చోటుకి వెళ్లలేదని. నాది సరిగ్గా కుదరలేదా? తీయించేసి మళ్లీ పెట్టించుకోమంటారా?
- ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: తీయించకండి. మీ డాక్టర్ చెప్పింది సరైన మాట, మీ ఇంట్లోవాళ్లు పోలుస్తున్నదే తప్పు.

ఆ 20 ఏమిటో ముందు చెబుతాను. ఇంప్లాంట్ అంటే టైటానియం స్క్రూ. ఎముకలో రంధ్రం చేసి దాన్ని తిప్పుతూ లోపలికి దించుతారు, అది దిగేటప్పుడు ఎముక ఎంత ఎదురు బలం ఇచ్చిందో మిషను చూపిస్తుంది, దాన్ని టార్క్ అంటారు, న్యూటన్ సెంటీమీటర్లలో లెక్క. వెంటనే పన్ను పెట్టాలంటే మామూలుగా 35 అయినా రావాలని చూస్తారు. మీకు 20 వచ్చింది. అంటే ఇంప్లాంట్ పాడైందని కాదు, దాని మీద ఇప్పుడే బరువు వేయకూడదని అర్థం.

ఎందుకు తక్కువ వచ్చిందంటే అది మీ ఎముక తీరు. దవడ ఎముక అంతటా ఒకేలా ఉండదు. కింది దవడ ముందు భాగం బాగా గట్టిగా ఉంటుంది, పై దవడ వెనక భాగం పైకి పలచటి పెచ్చు, లోపల అంతా స్పాంజిలాగా మెత్తగా ఉంటుంది. దానికి తోడు పైన సైనస్ గాలి గది ఉంటుంది కాబట్టి ఎముక ఎత్తు కూడా తక్కువే, పన్ను తీసేశాక ఆలస్యమైనకొద్దీ అది ఇంకా అరుగుతుంది. మీ తోడల్లుడిది నోట్లో అన్నిటికన్నా అనుకూలమైన చోటు, మీది అన్నిటికన్నా కష్టమైన చోటు. పైగా ఆయనకి నాలుగూ కలిపి ఒకే బ్రిడ్జిగా బిగించి ఉంటారు, నమలే బరువు నాలుగింటి మీదకీ సర్దుకుంటుంది. మీది ఒంటరి పన్ను, ఆ బరువంతా అదొక్కటే మోయాలి.

ఇక అసలు సంగతి. పెట్టిన రోజున ఉండే బిగువు స్క్రూ ఎముకలో ఇరుక్కోవడం వల్ల వచ్చేది మాత్రమే. అది శాశ్వతం కాదు. స్క్రూ ఒత్తిడికి నలిగిన ఎముకని శరీరం మొదటి వారాల్లో కొంత కరిగించి తీసేస్తుంది, ఆ జాగాలో కొత్త ఎముక పుట్టి టైటానియానికి అంటుకుంటుంది. పాతది పోయి కొత్తది ఇంకా రాని సమయం ఒకటి మధ్యలో ఉంటుంది, సుమారు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా, అప్పుడు ఇంప్లాంట్ పెట్టిన రోజు కంటే వదులుగా ఉంటుంది. మొదటి బిగువు గట్టిగా ఉంటే ఆ గండం దాటడం సులువు. బొటాబొటీగా ఉండి, పైన నమలడం కూడా తోడైతే ఇంప్లాంట్ లోపల కదులుతుంది. ఆ కదలిక 150 మైక్రాన్లు దాటితే, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు పాటి, చుట్టూ ఎముకకి బదులు మెత్తటి పీచు కణజాలం పెరిగే ప్రమాదం ఉంది. అది పెరిగిందంటే ఇంక ఎన్నాళ్లు ఆగినా ఆ ఇంప్లాంట్ పట్టదు. గుంజ పాతిన సాయంత్రమే గేదెను కట్టేస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

టైటానియం ఎముకతో అతుక్కుంటుందని 1952 లో కుందేళ్ల కాళ్ల మీద గమనించిన స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్, 1965 లో మొదటి పేషెంటుకి ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన పద్ధతిలో కింది దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు చిగురు కింద కదిలించకుండా ఉంచేవారు. ఇప్పటి ఇంప్లాంట్ల ఉపరితలం గరుగ్గా ఉండేలా తయారు చేస్తారు కాబట్టి మంచి ఎముకలో రెండు మూడు నెలలే సరిపోతాయి. మీ మెత్తటి ఎముకలో 20 తో మొదలైనదానికి ఐదారు నెలలు అడగడం సాగదీత కాదు.

ఈలోగా మీరు చేయాల్సింది, రెండో వైపు నమలండి. ఆ చోట కట్టుడు పళ్ల సెట్ ఏదైనా ఒత్తుతుంటే చూపించి అరగదీయించండి (చాలామంది దీన్నే మర్చిపోతారు). సిగరెట్, చుట్ట ఉంటే ఈ నెలలైనా ఆపండి, షుగర్ ఉంటే అదుపులో పెట్టండి. క్యాప్‌కి (ఇంప్లాంట్ పైన పెట్టే పన్నుకి) కొలత ఇచ్చేముందు ఐఎస్‌క్యూ చూడమని అడగండి, చిన్న కడ్డీ బిగించి ఇంప్లాంట్ ఎంత గట్టిగా ఉందో కంపనాలతో చెప్పే మిషను అది, నొప్పి ఉండదు. 100 లో 70 పైన వస్తే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు, 60 లోపు వస్తే ఇంకొన్నాళ్లు ఆగడం నయం. ఆ మిషను అన్ని క్లినిక్కుల్లో ఉండదు, లేనంత మాత్రాన డాక్టర్ మంచివారు కాదని కాదు.

మూడో రోజు పళ్ల గురించి నా మాట ఒకటి. ఆ పద్ధతి మోసం కాదు, ఎముక బాగున్నచోట చక్కగా పనిచేస్తుంది. కానీ నోరు చూడకముందే ఫోన్లో "మూడు రోజుల్లో గ్యారంటీ" అనేవాళ్లంటే నాకు గిట్టదు. దవడని త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ ఎముక గురించి అంచనా ఇస్తుంది, అసలు బిగువు ఎంతో స్క్రూ దిగేటప్పుడే తెలుస్తుంది. దిగకముందే తేదీ ఎలా చెబుతారు?

ప్రశ్న: మా ఆవిడకి కింద దవడ పన్ను చోట ఇంప్లాంట్ పెట్టేటప్పుడు 35 చాలు అన్నారు. 70, 80 దాకా బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా?
- మరో పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఉండదు. కింది దవడ ఎముక అసలే గట్టిది, రక్తప్రసరణ తక్కువ. దాన్ని మరీ నొక్కేస్తే పై అంచు ఎముక ఒత్తిడికి చచ్చిపోయి అరిగిపోవచ్చు. డ్రిల్ వేడి కూడా అంతే, 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఎముక దెబ్బతింటుంది, అందుకే రంధ్రం చేసేటప్పుడు సెలైన్ పోస్తూనే ఉంటారు. మెత్తటి ఎముకలో రంధ్రం కాస్త ఇరుకుగా చేస్తారు, గట్టి ఎముకలో సరిపడా వెడల్పు చేసి దించుతారు. మీ డాక్టర్ ఆగాల్సిన చోటే ఆగారు.

ప్రశ్న: మా అమ్మకి ఇంప్లాంట్ పెట్టి మూడు వారాలైంది. నాలుకతో తాకితే కదులుతోంది అంటోంది. మూడో వారంలో వదులవడం మామూలే అని ఎవరో చెప్పారు. ఆగొచ్చా?
- ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆగొద్దు. మూడో వారంలో బిగువు తగ్గుతుంది నిజమే కానీ అది మిషనుకి తెలిసేంత, నాలుకకి తెలిసేంత కాదు. చాలాసార్లు కదిలేది ఇంప్లాంట్ కాదు, దాని మీద బిగించి చిగురు పైకి కనిపించే చిన్న మూత, హీలింగ్ క్యాప్. దాని మర వదులైతే డాక్టర్ రెండు నిమిషాల్లో బిగిస్తారు, మీరు మాత్రం ఇంట్లో చేయి పెట్టకండి. ఇంప్లాంటే అటూ ఇటూ ఊగుతుంటే అది పట్టలేదన్నట్టే, వారాలు గడిచినా దానంతట అది గట్టిపడదు. తీసేసి, శుభ్రం చేసి, అవసరమైతే బోన్ గ్రాఫ్ట్ (ఖాళీలో నింపే ఎముక పదార్థం) వేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ పెడతారు, రెండోసారి చక్కగా పట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. ఊగేదాన్ని అలాగే ఉంచుకుంటే మాత్రం చుట్టూ ఎముక పోతుంది, తర్వాత పెట్టడానికి చోటు ఉండదు. ఒకటి రెండు రోజుల్లో తీసుకెళ్లండి. వాట్సాప్‌లో ఫోటో పంపి సరిపెట్టుకోవద్దు, ఫోటోలో కదలిక కనపడదు.