మాస్టారు జవాబులు: మోటుపల్లిలో చూడటానికి ఏముంది?

ప్రశ్న: మాస్టారు గారూ, వచ్చే ఆదివారం పిల్లలతో చీరాల దగ్గర వాడరేవుకు వెళుతున్నాం. దగ్గరలోనే మోటుపల్లి ఉందనీ, మార్కోపోలో అక్కడ ఓడ దిగాడనీ, అది చూడకుండా తిరిగి రావద్దనీ మా వారి పట్టుదల. అక్కడ ఏమీ లేదని మా ఆడపడుచు అంటుంది. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఇద్దరి మాటా చెరి సగం వినండమ్మా. రేవు చూడాలని వెళితే మీ ఆడపడుచే గెలుస్తుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, ఓడలు ఆగిన చోటు చూపించమని ఒక పెద్దాయనను అడిగాను. ఆయన సముద్రం వైపు చెయ్యి ఊపి, ‘అదంతా రేవే కదండీ’ అన్నాడు. అంతకు మించిన ఆనవాలు నాకూ దొరకలేదు.

మీరు వెళ్ళవలసింది వీరభద్రస్వామి గుడికి. అక్కడ కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244లో, వేయించిన శాసన స్తంభం ఉంది. సంస్కృతమూ తెలుగూ రెండూ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో ‘అభయ శాసనం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు కానీ, అభయం ఎవరికి, ఎందుకు అన్నదే అసలు సంగతి. తుపానుకు విరిగి, దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ఆ మాట రాజు తన శాసనంలోనే చెప్పి, ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రం మీదికి సాహసించి వచ్చినవారి దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని మాట ఇచ్చాడు. ‘ప్రాణం కన్నా ధనం మిన్న’ అన్న చోట కొంచెం వెక్కిరింత కూడా ఉందేమోనని నాకు అనిపిస్తుంది. దయ, కీర్తి, ధర్మం అని కారణాలు చెప్పినా, ఓడలు మరో రేవుకు పోతాయన్న బెంగ కూడా ఉండే ఉంటుంది.

మార్కోపోలో సంగతి మీ వారికి మెల్లగా చెప్పండి. ఆయన ‘ముత్ఫిలి’ అని రాసిన రాజ్యం పేరు ఈ ఊరిదేనని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. కానీ ఇక్కడ కాలు పెట్టాడా అంటే నాకు నమ్మకం తక్కువ. చనిపోయిన రాజు భార్య నలభై ఏళ్ళుగా ఏలుతోందని రాశాడాయన. ఆ రాణి రుద్రమదేవే అనుకుంటే, ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. ఏలింది సుమారు ఇరవై ఏడేళ్ళు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం ప్రకారం 1289 నవంబరుకే ఆమె కన్నుమూసింది. ఆయన చైనా నుంచి తిరుగు ఓడ ఎక్కింది 1290 దాటాకే. ఓడ మీద ఎవరో చెప్పిన ముచ్చట విని రాసుకున్నట్టుంది. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెచ్చే కథ పేదరాశి పెద్దమ్మ చెప్పదగినది. సాలెగూడు లాంటి సన్నని బట్ట ఇక్కడ నేస్తారన్న మాట మాత్రం నమ్ముతాను. చీరాల మగ్గాలు చూసినవాడిని.

ఒక చిన్న కిటుకు: పిల్లల చేత టార్చిలైటు పట్టించండి. ఎదురుగా వేస్తే అరిగిన అక్షరాలు మాయమవుతాయి. రాతి పక్కనుంచి వాలుగా వేస్తే పైకి లేస్తాయి. గుడి తీసి ఉండే వేళ ముందే కనుక్కోండి. నేను ఒకసారి మూసిన తలుపులకు దండం పెట్టి వచ్చాను.

ప్రశ్న: మోటుపల్లి శాసనంలో సుంకం లెక్కలు ఉన్నాయని విన్నాను. ఎంత వసూలు చేసేవారు? – ఒక బట్టల వ్యాపారి, చీరాల

జవాబు: ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పై వంతులకు ఒక వంతు. మీ లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. మీ నిట్టూర్పు నాకు వినిపిస్తూనే ఉంది. చందనం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు – వీటికి వేరువేరు రేట్లు కూడా ఉన్నాయి. వక్కలకైతే లక్షకు ఇంత అని లెక్క. లక్ష వక్కలు ఎవరు కూర్చుని లెక్కపెట్టారో పాపం!

కాకతీయుల తరువాత రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో అదే ఊళ్ళో మరో శాసనం వేయించి వర్తకులకు మళ్ళీ రాయితీలు ఇచ్చాడు. కొడుకులు లేకుండా పోయిన వర్తకుడి సొత్తు రాజుకు చెందే పద్ధతిని, ‘అపుత్రిక’ అనేవారు, అందులో వదులుకున్నాడు. నన్నడిగితే పరదేశపు వర్తకుడికి సుంకం తగ్గింపు కన్నా ఇదే పెద్ద ధైర్యం. తాను ఇక్కడ పోయినా సరుకు ఇంటికి చేరుతుంది.

మీది చీరాలే కనుక మీకు పూట పని. వచ్చేటప్పుడు వేటపాలెంలో ఆగి, 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూడండి. జీడిపప్పు బేరం మీకు నేను నేర్పాలా?